మెదడును చూసి నేర్చుకుంటున్న కంప్యూటర్లు: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విజయనగరంలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ సైన్స్ చెబుతాను. సొంతూరు పొందూరు పక్కన. ఏఐ అన్న మాట ఇంటింటికీ చేరాక క్లాసులోనే కాదు, పెళ్లి భోజనాల దగ్గర, కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడ్డప్పుడు కూడా ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతున్నారు. ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, ఓపిగ్గా చదవండి.

"మెదడు లాంటి కంప్యూటర్" అంటే అసలు ఏమిటి?

ఈ పేరుతో రెండు వేరు వేరు సంగతులు చలామణిలో ఉన్నాయి. వాటిని విడదీసుకుంటే సగం గందరగోళం పోతుంది.

మొదటిది న్యూరల్ నెట్‌వర్క్. ఇది ప్రోగ్రామ్. మెదడులోని నరాల కణాల (న్యూరాన్ల) అల్లికను చూసి దాని లెక్కను రాసుకున్నారు, కానీ అది నడిచేది మామూలు చిప్పుల మీదే. చాట్‌జీపీటీ లాంటివన్నీ ఈ రకం.

రెండోది న్యూరోమార్ఫిక్ చిప్. ఇక్కడ యంత్రాన్నే మెదడు పద్ధతిలో కడతారు. అమెరికాలోని కాల్‌టెక్‌లో కార్వర్ మీడ్ అనే ఆచార్యుడు 1980ల చివర్లో ఈ దారి వేశారు. నాకు ఎక్కువ ఇష్టమైనది ఈ రెండోదే. ఎందుకో కింద కరెంటు ప్రశ్న దగ్గర చెబుతాను.

కృత్రిమ న్యూరాన్ ఎలా పనిచేస్తుందో మాకు అర్థమయ్యేలా చెప్పండి.

మా పిన్ని పలాసలో జీడిపప్పు గ్రేడింగ్ పని చేసేది. పళ్లెంలో పప్పు పోసుకుని వేలితో ఒక్కో గింజను తోస్తూ పోతుంది. ఇది గుండు, ఇది బద్ద, ఇది మచ్చది. ఒక్కో గింజ దగ్గర రెప్పపాటు కూడా ఆగదు. ఆ కాస్త సమయంలో ఆమె కన్ను రంగు చూసింది, సైజు చూసింది, చీలిక, మచ్చ చూసింది. అన్నిటికీ ఒకే విలువ ఇవ్వదు. రంగు కాస్త పసుపు తిరిగినా సరిపెట్టుకుంటుంది. నల్ల మచ్చ కనిపిస్తే మాత్రం మారు మాట లేదు, పక్కకే.

కృత్రిమ న్యూరాన్ చేసేది ఇదే పని. వచ్చిన ప్రతి సమాచారాన్నీ దాని 'బరువు'తో గుణిస్తుంది, అన్నీ కూడుతుంది, మొత్తం ఒక గీత దాటిందా లేదా అని చూస్తుంది. తెలుపుకి 2, పెద్ద సైజుకి 1, మచ్చకి మైనస్ 5 బరువు అనుకుందాం. గీత 2 దగ్గర పెట్టాం. తెల్లగా, పెద్దగా, మచ్చ లేకుండా ఉన్న గింజకి 3 వస్తుంది, పాస్. అదే గింజకి మచ్చ ఉంటే మైనస్ 2, ఫెయిల్. ఇంతకు మించి ఒక్క న్యూరాన్‌లో ఏమీ లేదు.

మరి నేర్చుకోవడం? పిన్ని పనిలో చేరిన కొత్తలో ఆమె తప్పుగా వేసిన గింజల్ని మేస్త్రీ ఏరి చూపించేవాడట. చూపించిన ప్రతిసారీ ఆమె కంట్లో బరువులు కొంచెం కొంచెం సర్దుకున్నాయి. యంత్రంలోనూ తప్పు ఎంత వచ్చిందో చూసి, దానికి ఏ బరువు ఎంత కారణమో లెక్కగట్టి, ఆ మేరకు మారుస్తారు. పిన్ని పనికి నాలుగైదు బరువులు చాలు. 2020లో వచ్చిన జీపీటీ-3 అనే మోడల్‌లో అవి 17,500 కోట్లు.

ఇదంతా ఎవరు మొదలుపెట్టారు?

1943లో ఇద్దరు కలిసి రాసిన వ్యాసంతో మొదలైందని చెప్పొచ్చు. ఒకరు వారెన్ మెకల్లాక్, మెదడు మీద పరిశోధన చేసే డాక్టరు. రెండోవాడు వాల్టర్ పిట్స్, సొంతంగా లెక్కలు నేర్చుకున్న 20 ఏళ్ల కుర్రాడు. నరాల కణాన్ని ఔను, కాదు అనే లెక్కగా రాయొచ్చని వాళ్లు చూపించారు. 1949లో డొనాల్డ్ హెబ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఒక కణం పదే పదే ఇంకో కణాన్ని రేపుతుంటే ఆ రెండిటి మధ్య లంకె గట్టిపడుతుందని ప్రతిపాదించారు. 1958లో ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ పెర్సెప్ట్రాన్ వచ్చింది. పైన చెప్పిన జీడిపప్పు లెక్క దాదాపు అదే.

నాకు బాగా నచ్చే ఘట్టం మాత్రం పిల్లిది. 1950ల చివర్లో హ్యూబెల్, వీజెల్ అనే ఇద్దరు, పిల్లి మెదడులో చూపుకి సంబంధించిన ఒక్కో కణం దేనికి స్పందిస్తుందో వెతుకుతున్నారు. తెర మీద చుక్కలు చూపిస్తున్నారు, కణం ఉలకదు పలకదు. గాజు స్లైడు మారుస్తుంటే దాని అంచు నీడ సన్నని గీతలా తెర మీద కదిలింది. అంతే, కణం టపటపా మోగింది! దానికి కావలసింది చుక్క కాదు, ఒక వైపుకి వాలిన గీత. ముందు గీతలు, గీతలు కలిసి ఆకారాలు, ఇలా మెట్లు మెట్లుగా చూపు తయారవుతుందన్న ఆలోచన అక్కడ బలపడింది. ఆ ఇద్దరికీ 1981లో నోబెల్ వచ్చింది. జపాన్‌లో కునిహికో ఫుకుషిమా 1980లో ఆ మెట్లనే ప్రోగ్రామ్‌గా కట్టారు. ఇవాళ ఫోన్ మీ ముఖం గుర్తుపట్టే పద్ధతికి మూలం అక్కడుంది.

ఆ తర్వాత 1986లో బహుళ పొరల నెట్‌వర్క్‌కి నేర్పే పద్ధతి ప్రచారంలోకి రావడం, 2012లో ఫోటోలు గుర్తుపట్టే పోటీలో న్యూరల్ నెట్‌వర్క్ మిగతావాటిని చాలా వెనక్కి నెట్టడం, 2024లో ఈ నెట్‌వర్క్‌లకి పునాదులు వేసిన హాప్‌ఫీల్డ్, హింటన్‌లకు భౌతికశాస్త్ర నోబెల్ రావడం తెలిసిన కథే. మనవాళ్లు తెలుసుకోవలసిన పేరు ఇంకొకటి ఉంది: రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్‌కి మనిషి మాట వినడం నేర్పడంలో తొలి దారులు వేసినవారిలో ఒకరయ్యారు. 1994లో కంప్యూటర్ రంగంలో అతి పెద్ద పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

అయితే ఏఐ నిజంగా మన మెదడులాగే ఆలోచిస్తోందా?

లేదు. పక్షిని చూసి విమానం కట్టారు, కానీ విమానం రెక్కలు ఆడించదు కదా.

మెదడు కణం సన్నని కరెంటు దెబ్బల్లో మాట్లాడుతుంది. ఒక్కో దెబ్బ సుమారు ఒక మిల్లీసెకను. ఏ క్షణాన కొట్టిందన్నది కూడా అందులో సమాచారమే. ప్రోగ్రామ్‌లోని న్యూరాన్ ఒక అంకె మాత్రమే. అసలైన తేడా నేర్చుకునే తీరులో ఉంది. మా అన్నయ్య మనవరాలికి పనసపండు ఒక్కసారి చూపిస్తే చాలు, మర్నాడు సంతలో చూసి "పనస" అంటుంది. యంత్రానికి నేర్పాలంటే మామూలుగా వేల ఫోటోలు పోయాలి.

సంఖ్య కలిసినంత మాత్రాన కూడా తెలివి రాదు. పండ్ల మీద ముసిరే చిన్న ఈగ మెదడులో సుమారు 1.4 లక్షల కణాలు ఉన్నాయని 2024లో పూర్తి పటం గీసి చూపించారు. ఇంటెల్ 2017లో తెచ్చిన లోయిహి చిప్‌లో 1.3 లక్షల కృత్రిమ న్యూరాన్లు ఉన్నాయి. లెక్కకి దాదాపు సమానం. కానీ ఈగ ఎగురుతుంది, బెల్లం వెతుక్కుంటుంది, మీ చెయ్యి లేవక ముందే తప్పించుకుంటుంది.

మెదడుకి కరెంటు ఎంత ఖర్చవుతుంది?

సుమారు 20 వాట్లు. ఇంట్లో ఎల్ఈడీ ట్యూబ్‌లైటుకి అయ్యేంత. 24 గంటలకి అర యూనిట్ లోపే. అంత శక్తి రెండు పూటలు తాగే చోడి అంబలి ఇచ్చేస్తుంది. దాంతో 8,600 కోట్ల కణాలు నడుస్తున్నాయి. నడక, నవ్వు, లెక్కలు, పాత పగలు, కొత్త ప్రేమలు అన్నీ అందులోనే. ఏఐ కోసం విరివిగా వాడే ఎన్విడియా హెచ్100 అనే చిప్ ఒక్కటే 700 వాట్ల దాకా లాగుతుంది. పెద్ద మోడల్‌కి నేర్పాలంటే అలాంటివి వేలల్లో కావాలి.

మన పక్కనే ఉదాహరణ ఉంది. విశాఖలో ఏఐ డేటా సెంటర్ కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది, గిగావాట్ స్థాయిలో. ఒక గిగావాట్ అంటే 100 కోట్ల వాట్లు. దాన్ని 20తో భాగించండి, 5 కోట్లు వస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు 4.95 కోట్లు. అంటే అంత కరెంటుతో ఇచ్ఛాపురం నుంచి కుప్పం దాకా రాష్ట్రంలో అప్పుడు ఉన్న అందరి మెదళ్లూ నడుస్తాయి. బోర్డు మీద ఈ భాగాహారం వేసిన రోజు క్లాసంతా ఒక నిమిషం మాట్లాడలేదు. డేటా సెంటర్ వద్దని నా మాట కాదు, మన పిల్లలకి పని దొరికితే సంతోషమే. కానీ ఇంత తేడా కళ్ల ముందు కనిపిస్తుంటే, తక్కువ కరెంటుతో పనిచేసే దారి వెతకడం అత్యవసరమని గట్టిగా నమ్ముతాను.

కంప్యూటర్ అంత కరెంటు ఎందుకు తింటుంది?

మోత కూలి వల్ల. 1945లో జాన్ వాన్ నాయ్‌మన్ రాసిపెట్టిన నమూనానే ఇవాళ్టికీ దాదాపు అన్ని కంప్యూటర్లదీ. సమాచారం దాచేది ఒకచోట, లెక్క చేసేది ఇంకోచోట. ప్రతి చిన్న లెక్కకీ అంకెల్ని అక్కణ్నుంచి ఇక్కడికి మోసుకురావాలి, జవాబుని తిరిగి మోసుకెళ్లాలి. చిప్ బయట ఉన్న మెమొరీ నుంచి ఒక అంకె తేవడానికి అయ్యే శక్తి, దాన్ని కూడటానికి అయ్యేదానికి వందల రెట్లు.

మెదడులో అలా లేదు. నేను చిన్నప్పుడు చూసిన పొందూరు వసారా గుర్తొస్తుంది. మా నాయనమ్మ గోడకి చేరబడి కూర్చునేది. ఒక పక్క పత్తి బుట్ట. చేతిలో వాలుగ చేప దవడ ఎముక, సన్నని పళ్ల దువ్వెనలా ఉంటుంది, దాంతోనే గింజ చుట్టూ ఉన్న పత్తిని దువ్వేది. చెత్తంతా పోయి పత్తి పొగలా తేలేది. ఎదురుగా రాట్నం. ఏకు చేతిలోంచి జారి నూలవుతుంటే లేచి ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. సరుకు, పనిముట్టు, పని, పనితనం అన్నీ ఒకే వసారాలో, చెయ్యి చాపినంత దూరంలో. మెదడులో రెండు కణాలు కలిసే సంధి, దాన్నే సైనాప్స్ అంటాం, అలాంటి వసారా. జ్ఞాపకం ఉండేదీ అక్కడే, పని జరిగేదీ అక్కడే. న్యూరోమార్ఫిక్ చిప్ కట్టేవాళ్లు తెచ్చుకున్న మొదటి పాఠం ఇది.

రెండో పాఠం కూడా ఉందా?

ఉంది. అవసరం లేనప్పుడు ఊరుకోవడం.

వీధి అరుగు మీద కూర్చున్న తాతని చూడండి. "ఎవరూ రాలేదు, ఎవరూ రాలేదు" అని సెకనుకోసారి లోపలికి కేకేయడు. ఎవరైనా గేటు తీస్తేనే "ఎవరో వచ్చారమ్మా" అంటాడు. మామూలు కెమెరా సెకనుకి 30 ఫోటోలు తీస్తుంది, ఆకు కదలకపోయినా తీస్తుంది, అన్నిటినీ పంపుతుంది. 'ఈవెంట్ కెమెరా' అని కొత్త రకం ఉంది. అందులో ప్రతి చుక్కా తాత లాంటిదే. తన దగ్గర వెలుగు మారితేనే కబురు పెడుతుంది. మన కంటి పొర కూడా మార్పు వైపే ఎక్కువ మొగ్గుతుంది. కబురు వచ్చినప్పుడే చిప్‌లోని న్యూరాన్ లేస్తుంది, లేకపోతే పడుకుంటుంది. కరెంటు మిగిలేది అక్కడే.

ఇలాంటి చిప్పులు నిజంగా తయారయ్యాయా?

అయ్యాయి. ఐబీఎం 2014లో ట్రూనార్త్ చేసింది: 10 లక్షల న్యూరాన్లు, 25.6 కోట్ల సైనాప్సులు, పని చేస్తున్నప్పుడు ఖర్చు సుమారు 70 మిల్లీవాట్లు. మాంచెస్టర్‌లో స్పినేకర్ అనే యంత్రం 2018లో 10 లక్షల కోర్లకు (లెక్క చేసే చిన్న భాగాలకు) చేరింది. ఇంటెల్ 2024లో హాలా పాయింట్ చూపించింది, 1,152 చిప్పులు, 115 కోట్ల న్యూరాన్లు, గరిష్ఠంగా 2,600 వాట్లు. ఇవన్నీ ఎక్కువగా పరిశోధనశాలల్లోనే ఉన్నాయి. చాట్‌జీపీటీ చేసే పనిని వీటి మీద అంత బాగా చేయించడం ఇంకా కుదరలేదు.

మన దేశంలోనూ పని జరుగుతోంది. బెంగళూరు ఐఐఎస్సీ వాళ్లు 2024లో ఒక అణువుల పొరను చూపించారు. మామూలు మెమొరీ అరలో 0 లేదా 1 పడుతుంది. ఆ పొరలో సుమారు 16,500 స్థాయిలు పడతాయి, లెక్క కూడా అక్కడే జరుగుతుంది. వసారా పద్ధతి అన్నమాట.

"ఏటి మాస్టారూ, మాకేటి లాభం దీనివల్ల?"

మందస నుంచి వచ్చిన ఒక రైతు అడిగాడు. అడగవలసిన ప్రశ్న.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకి ఒరిగాయి. కరెంటు రోజుల తరబడి లేదు, సిగ్నల్ లేదు. డేటా సెంటర్‌లో కూర్చున్న ఏఐ ఎంత తెలివైనదైనా ఆ వారం మందసకి పనికిరాదు, ఎందుకంటే దాన్ని చేరే దారే లేదు. చిన్న బ్యాటరీ మీద, నెట్ లేకుండా, ఉన్నచోటే ఆలోచించే చిప్ అయితే పనికొస్తుంది. వంశధార గట్టు మీద నీటిమట్టం చూసే పెట్టె. గుండె చప్పుడు తేడా పడితే హెచ్చరించే పట్టీ. ఒడిశా వైపు నుంచి ఏనుగుల గుంపు దిగినప్పుడు, ఆ అడుగుల అదురు విని ఊరికి ముందే చెప్పే యంత్రం. ఆవు నడిస్తే ఊరుకోవాలి, గాలి వీస్తే ఊరుకోవాలి, ఏనుగైతేనే లేవాలి. సరిగ్గా ఈ రకం పనికే న్యూరోమార్ఫిక్ చిప్పులు సరిపోతాయని నా నమ్మకం. ఇవి మన ఊళ్లకి ఇంకా రాలేదు. తెచ్చేవాళ్లు మన కాలేజీల్లోంచే రావాలని నా ఆశ.

ఫోన్‌లో ఏఐకి మన శ్రీకాకుళం మాట ఎందుకు అర్థం కాదు?

అది చూసినంతే నేర్చుకుంటుంది. మన మాట రాతలో దానికి పెద్దగా కనిపించలేదు. "మా గుంట ఏడుస్తోంది, బేగి రా" అని చెప్పి చూశాను. పాప ఏడుస్తోందని కాకుండా నేలలో గొయ్యి అనుకుంది. తప్పు మాటది కాదు. 2011 లెక్కల్లో దేశంలో 8 కోట్ల మందికి పైగా తెలుగు మాతృభాష అని రాయించారు, అయినా నెట్‌లో తెలుగు తక్కువ, అందులో ఉత్తరాంధ్ర తెలుగు మరీ తక్కువ. కేంద్ర ప్రభుత్వ భాషిణి, ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ భారతీయ భాషల గొంతులు సేకరిస్తున్నాయి. మీ అమ్మమ్మ మాట్లాడినట్టే రాయండి, రికార్డు చేయండి. నేను మా అప్ప చెప్పిన సామెతలు ఒక్కొక్కటిగా రాసిపెడుతున్నాను.

అవధానుల మెదడు కంప్యూటర్ లాంటిదా?

విజయనగరం కాబట్టి ఈ ప్రశ్న వస్తుంది. ఇక్కడ 1919లో మొదలైన సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు హరికథలతో పాటు అవధానాలూ చేశారు. మధ్యలో ఒకరు గంట కొడుతుంటారు, ఒకరు అప్రస్తుత ప్రసంగం చేస్తుంటారు, చివరికి అవధాని పద్యాలన్నీ ధారణ చేసి అప్పజెబుతారు.

కంప్యూటర్ జ్ఞాపకం అలా ఉండదు. దానికి అర నంబరు చెప్పాలి: ఫలానా అరలో ఉన్నది తే. నంబరు తప్పితే వేరే వస్తువు వస్తుంది. మనకి చిన్నప్పటి పద్యం మొదటి రెండు మాటలు అందిస్తే చాలు, మిగతా పాదాలు ఒకదాన్నొకటి లాక్కుంటూ వచ్చేస్తాయి. ఒక మాట తప్పు అందించినా సర్దుకుని సరైన పద్యమే వస్తుంది. జాన్ హాప్‌ఫీల్డ్ 1982లో చూపించింది ఈ రకం జ్ఞాపకమే: ముక్క ఇస్తే మొత్తం తేగల నెట్‌వర్క్. క్లాసులో ఆ పాఠం పద్యంతోనే మొదలుపెడతాను. వెంటనే పట్టుకుంటారు.

మా బాబుని మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్‌కి పంపమంటారా? మనం మెదడు పది శాతమే వాడుతున్నామట కదా?

దయచేసి పంపకండి. పది శాతం మాట అబద్ధం. స్కాన్లలో చూస్తే మెదడు అన్ని భాగాలూ ఏదో ఒక పనిలో ఉంటాయి. ఒంటి బరువులో సుమారు 2 శాతమే ఉండి ఒంటి శక్తిలో 20 శాతం తీసుకునే అవయవంలో 90 శాతం ఖాళీగా ఎందుకుంటుంది? ఆ క్లాసుల్లో పిల్లల కళ్లకి గంతలు కట్టి చదివించి చూపిస్తారు, అది మెదడు శక్తి కాదు. ముక్కు పక్కన సందులోంచి చూడటం. ఆ సందు మూసేస్తే చదవలేరు. మా బంధువుల అబ్బాయిని అలాంటి చోటికి పంపారు. వాడు నా దగ్గర ఏడ్చి చెప్పాడు, కనిపిస్తున్నా కనిపించడం లేదని చెప్పమన్నారని. డబ్బు పోయినదానికంటే, చిన్నవాడికి అబద్ధం నేర్పారన్నదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఈ రంగంలోకి రావాలంటే ఏం చదవాలి?

ఇంటర్ లెక్కలు గట్టిగా. మాత్రికలు, సంభావ్యత, కలనం. తర్వాత పైథాన్, కొంచెం ఎలక్ట్రానిక్స్. బైపీసీ వాళ్లు కూడా రావచ్చు, నరాల గురించి వాళ్లకి తెలిసింది ఇక్కడ ఆస్తి. ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో నడిపే ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం. బ్రయాన్, నెస్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. పది న్యూరాన్లతో మొదలుపెట్టి, అవి ఒకదాన్నొకటి ఎలా రేపుతాయో తెర మీద చూడండి.

ఫీజు కట్టే ముందు సిలబస్ అడగండి. మా విద్యార్థిని ఒకమ్మాయి ఏఐ కోర్సు అని ఒకచోట చేరితే, నెలరోజులు ఎక్సెల్ నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. వాళ్ల నాన్న ఆ డబ్బు అప్పు తెచ్చి కట్టాడు.

ఉద్యోగాలు పోతాయా?

కొన్ని పోతాయి, కొన్ని మారతాయి. జీడిపప్పు గ్రేడింగ్‌లో కెమెరా మెషీన్లు ఇప్పటికే వచ్చాయి. ఆ పని చేసే ఆడవాళ్లకి వేరే పని నేర్పే బాధ్యత మెషీన్ పెట్టినవాళ్లదీ, ప్రభుత్వానిదీ అని నా అభిప్రాయం.

దానికి బాధ, సంతోషం ఉంటాయా?

బాధగా ఉందని రాయగలదు. ఆకలి లేదు, ఒళ్లు లేదు, పోతానన్న భయం లేదు. మనిషి రాసిన బాధల్ని చదివి ఆ మాటల వరస నేర్చుకుంది. రాత్రి ఒంటరిగా దానితో మాట్లాడుకుంటున్న పిల్లలు నాకు తెలుసు. ఇంట్లో ఎవరితోనైనా ఒక మాట చెప్పుకోమని వాళ్లని అడుగుతుంటాను.

"మాస్టారూ, కంప్యూటర్ నిద్రపోతుందా?"

ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది, సైన్స్ ఫెయిర్‌లో.

కంప్యూటర్ స్లీప్ అంటే పని ఆపేయడం. మనం నిద్రపోతే మెదడు పని ఆపదు తల్లీ. 1994లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో ఒక సంగతి బయటపడింది. ఎలుక తిరుగుతున్నప్పుడు ఏ కణాలు కలిసి మోగాయో, ఆ తర్వాతి నిద్రలో ఆ కణాలే మళ్లీ కలిసి మోగాయి. తిరిగిన దారిని మెదడు నిద్రలో మళ్లీ నడుస్తోందన్నమాట. నేర్చుకున్నది గట్టిపడటానికి అది సాయపడుతుంది. ఏఐ వాళ్లు కూడా ఇలాగే పాత అనుభవాల్ని యంత్రానికి మళ్లీ మళ్లీ చూపించే పద్ధతి వాడుతున్నారు.

ఆ అమ్మాయి వెంటనే ఇంకోటి అడిగింది: "అయితే పరీక్ష ముందు రోజు రాత్రంతా చదవకూడదా?" వద్దమ్మా, పదింటికల్లా పడుకో.